జూలీ పిల్లలు, రాజ్యం ఆంటీ కోపం

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కుక్కపిల్ల నా మోచేతి పక్కనే ఆవలించింది. నాలుగో అంతస్తులో ఉండే ఆవిడ దాన్ని శాలువాలో చుట్టి పొట్టకి ఆనించి పట్టుకుంది. తలుపులు మూసుకున్న ఆ కాస్త చోటులో దాని నోటి వాసన గుప్పుమంది. పాలు తాగే వయసు కుక్కపిల్లల నోటికి ఒక వాసన ఉంటుంది, పులిసీ పులియని పాల వాసన, అందులో కొంచెం తీపి. నాలుగు నెలలు వచ్చేసరికి అది ఉండదు. "జైపూర్ నుంచి కార్లో తెచ్చాం ఆంటీ, దారంతా ఏడుస్తూనే ఉంది" అని ఆవిడ హిందీలో చెప్పింది. "దార్లో తిండేమైనా పెట్టారా?" అని అడిగాను. మామూలుగా అడిగాననే అనుకున్నాను గానీ ఆవిడ మొహం చూస్తే గద్దించినట్టే ఉంది. బిస్కట్లు పెట్టామని నసిగింది. నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయి, మళ్ళీ కిందికి వచ్చి, తాళం తీసి, ఎవరూ లేని నా ఇంట్లో దీపం వేసుకుని కూర్చున్నాక గుర్తుపట్టాను. ఆ గద్దింపు నాది కాదు, రాజ్యం ఆంటీది.

రాజ్యం ఆంటీ అంటే మేజర్ గారి భార్య రాజ్యలక్ష్మి గారు. ఆవిడని మొదటిసారి చూసింది 1981 జనవరిలో, అశోకా రోడ్డులో మన భోజనం దొరికే ఒక క్యాంటీనులో. అప్పటికి నేను అనంతపురం నుంచి ఢిల్లీ వచ్చి మూడేళ్ళయింది. ఎం.ఏ. పూర్తయింది. సివిల్స్ ఒకసారి రాసి పోగొట్టుకున్నాను, రెండోసారికి చదువుతున్నాను. మునిర్కాలో మేడ మీద గది. నాతో ఉన్న అమ్మాయికి ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్ళిపోయాక ఆ గదిలో నేనూ, పుస్తకాలూ, ఒక కిరసనాయిలు స్టవ్వూ మిగిలాం. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా పాలవాడితో "బస్, భయ్యా" అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేమీ మాట్లాడని రోజులున్నాయి. ఆదివారం మాత్రం బస్సెక్కి అశోకా రోడ్డుకి వెళ్ళేదాన్ని. పప్పు కోసమని నాకు నేను చెప్పుకునేదాన్ని గానీ, అసలు సంగతి, చుట్టుపక్కల బల్లల దగ్గర నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయని. నాతో ఎవరూ మాట్లాడకపోయినా సరే.

ఆ ఆదివారం ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది, ఆవిడకి ఎదురుగా. లేత నీలం వాయిల్ చీర, చేతికి మగవాళ్ళ గడియారం, అది వదులై మోచేతి వైపు జారుతూ ఉంది. "నిలబడ్డావేటి, కూచో" అన్నారు. "ఒక్కదాన్నే కూచుంటే ఈ వడ్డించే భయ్యా నన్ను తొందరగా లేపీడానికి చూస్తన్నాడు." ఏ ఊరు, ఎక్కడుంటున్నావు, మిగతా రోజులు ఏం తింటావు అని వరసగా అడిగారు. బ్రెడ్డు అన్నాను. ఆవిడ తినడం ఆపి నా వైపు చూశారు. "బ్రెడ్డు తింటే సివిల్స్ రాదు" అన్నారు, చాలా గంభీరంగా. తర్వాత అదే గొంతుతో, "మా వారు పోయి నెల్లాళ్ళయింది. మజ్జిగ పోయించమంటావా?" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఊపిరి తీసుకోలేదు. పోయించమన్నాను.

అప్పటి నుంచి ఆదివారాలు కంటోన్మెంటులో, ఆవిడ క్వార్టర్లో గడిచాయి. పిల్లలు లేరు. మేజర్ గారి బూట్లు వరండాలో అలాగే ఉండేవి. వాటి పక్కన జూలీ అనే నల్లటి లాబ్రడార్ కుక్క, చూలుతో, భారంగా పడుకుని ఉండేది. ఆంటీ పక్క క్వార్టర్ల ఆడవాళ్ళతో ఇంగ్లీషూ, పనిమనిషితో హిందీ, నాతో మూడూ కలిపి మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం అవన్నీ పక్కకి పోయి విజయనగరం ఒక్కటే మిగిలేది. ఆ కోపం తరచుగానే వచ్చేది. నా చెప్పుల తెగిన పట్టీ మీద, నేను చదవకుండా ఎగ్గొట్టిన ఎకనామిక్సు మీద, జవాబు రాయకుండా పక్కన పెట్టిన మా అమ్మ ఉత్తరాల మీద. "నీకేటి, రాజీవకున్నట్టు నడుం నొప్పా, నాలుగు ముక్కలు రాయడానికి?" అంటే రాజీవ ఎవరని అడిగాను. వాళ్ళ ఊళ్ళో ఎప్పుడూ నడుం నొప్పి అనే పక్కింటావిడ అట. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆయన పోయాక అంత నవ్వడం అదే మొదలని తర్వాత చెప్పారు.

ఫిబ్రవరి మొదట్లో జూలీ నాలుగు పిల్లల్ని కంది. మేజర్ గారు బతికుండగా జూలీ మొదటి ఈత పిల్లల్ని ముగ్గురికి మాటిచ్చి ఉన్నారు. ఆగ్రాలో ఒక కెప్టెన్‌కి ఒకటి, గ్వాలియర్‌లో రిటైరై ఉంటున్న హవల్దార్ రామ్‌సింగ్‌కి ఒకటి, మహూలో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి ఒకటో రెండో. రామ్‌సింగ్ చాలా ఏళ్ళు మేజర్ గారి జీపు నడిపినవాడు. ఏప్రిల్ నెలాఖరుకి ఆంటీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. నీలగిరుల్లో ఒక ఆడపిల్లల స్కూల్లో హాస్టల్ వార్డెన్‌గా ఒప్పుకున్నారు, అక్కడ కుక్కని ఉంచనివ్వరు. జూలీని పక్క క్వార్టరువాళ్ళు తీసుకుంటామన్నారు. పిల్లల్ని రైల్లో పంపొచ్చు కదా అని ఎవరో సలహా ఇస్తే ఆంటీ ఒప్పుకోలేదు. "ఆయన చేత్తో ఇస్తానన్నారు. ఆయన చెయ్యి లేదు, నాదుంది" అన్నారు. కారు ఆవిడే నడుపుతారు. "నువ్వు రా. వెనక సీట్లో పిల్లల దగ్గర కూచోడానికి ఒక మనిషి కావాలి." మూడేళ్ళలో ఢిల్లీలో ఎవరికైనా నేను కావలసి రావడం అదే మొదటిసారి. పరీక్షకి రెండు నెలలే ఉందన్న సంగతి కూడా చెప్పలేదు.

మార్చి చివర, పిల్లలకి ఎనిమిది వారాలు రాబోతుండగా బయల్దేరాం. ఆంటీకి ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంది. పిల్లలకి పేర్లు పెట్టనివ్వలేదు. పేరు పెట్టే హక్కు పెంచుకునేవాళ్ళది అనేవారు. అన్నీ నలుపే కాబట్టి మెడలకి ఉన్ని దారాలు కట్టారు, ఎరుపు, నీలం, పసుపు, తెలుపు. తెల్లదారందే అన్నిటికన్నా చిన్నది. ఒక పాత తువ్వాలు వారం రోజులు జూలీ కింద పరిచి, తల్లి వాసన పట్టించి, దాన్ని పెద్ద వెదురు బుట్ట అడుగున వేశారు. దాని మీద వార్తాపత్రికలు పది పొరలు, తడిసిన పొర తీసేస్తూ పోవడానికి. ఇక తిండి సంగతి. బయల్దేరే ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టకూడదు, దార్లో అస్సలు పెట్టకూడదు, తడి గుడ్డ మూతికి అద్దాలి, అంతే. మజిలీ చేరాక రెండు గంటలాగి పెట్టాలి. ఏడ్చినదాన్ని ఒళ్ళోకి తీసుకోకూడదు, బుట్టలో చెయ్యి పెట్టి ఊరుకోవాలి. నేల మీద దించకూడదు. ఆ చలికాలం కంటోన్మెంటులో కుక్కపిల్లలకి ఒక జబ్బు పాకింది. ముందు తెల్లటి నురగ కక్కేవి, తర్వాత విరేచనాలు, మూడో రోజుకి పోయేవి. ఆ వీధిలోనే రెండిళ్ళలో పోయాయి. అందుకే ఆంటీ అంత కట్టుదిట్టం.

తెల్లవారుతుండగా పక్కింటావిడ జూలీని వాహ్యాళికి తీసుకెళ్ళింది. అది వీధి మలుపు తిరిగేదాకా ఆగి పిల్లల్ని కారెక్కించాం. ఆంటీ అద్దంలో వెనక్కి చూడలేదు. నాలుగు పిల్లలూ నాలుగు రకాలుగా ఏడుస్తుంటే నేను బుట్టలో చెయ్యి పెట్టి కూర్చున్నాను. వాటికి వేళ్ళు దొరికితే చాలు, కాసేపు చప్పరించి పడుకునేవి. ఇంత వెచ్చటి ఒళ్ళు నా చేతికి తగిలి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. మథుర దగ్గర ఎండ ఎక్కింది. ఆగ్రాలో పదింటికల్లా కెప్టెన్ గారి ఇంట్లో ఎర్రదారాన్ని ఇచ్చాం. వాళ్ళ పెద్ద కుక్క దాన్ని వాసన చూసి తోక ఊపింది. ఆంటీ ఆ ఇంటావిడ చేతిలో పిల్లని పెట్టి, తువ్వాలులోంచి ఒక పేలిక చింపి ఇచ్చి, "ఇది నాలుగు రోజులు దాని పక్కన ఉంచండి" అని చెప్పి, టీ కూడా తాగకుండా బయల్దేరదీశారు.

బుట్టలో మూడే మిగిలాక తెల్లదారం ఏడుపు ఎక్కువైంది. పక్కన పడుకునేది పోయిందని దానికి తెలిసినట్టుంది. ధోల్‌పూర్‌లో ఆంటీ టైర్లలో గాలి చూపించుకోవడానికి ఆపి, అక్కడి నుంచి రోడ్డవతల ఉన్న పోస్టాఫీసుకి వెళ్ళారు, వస్తున్నామని మహూకి తంతి ఇవ్వడానికి. నేను కార్లో ఒక్కదాన్నే. తెల్లదారం గొంతు బొంగురుపోయి, నోరు తెరుస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. నా ఒళ్ళో టిఫిన్ డబ్బా ఉంది, అందులో పొద్దున్న కలిపిన పెరుగన్నం. మా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా పెరుగన్నమే. జ్వరం తగ్గితే పెరుగన్నం, ఎండన పడొస్తే పెరుగన్నం, ఏడిస్తే పెరుగన్నం. మా నాన్న పోయిన రోజు సాయంత్రం కూడా మా మేనత్త నా నోట్లో అదే పెట్టింది. దాన్ని మించిన ఓదార్పు ఉందని నాకు ఇప్పటికీ తెలియదు. మిరపకాయ ముక్కా, ఆవాలూ ఏరేసి, మెత్తగా పిసికి, వేలి మీద పెట్టాను. అది వేలు కూడా మింగేలా నాకింది. ఇంకొంచెం. ఇంకొంచెం. నాలుగు ముద్దలు తిని, పొట్ట బిర్రుగా చేసుకుని, నా చేతి మీద తల పెట్టి నిద్రపోయింది. మిగతా రెండూ నిద్రలో ఉన్నాయి. ఆంటీ వచ్చి, "ఊరుకుందే! నీ చేతిలో ఏదో మంత్రం ఉంది" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది, అదీ చెప్పుకోవాలి.

చంబల్ వంతెన దాటాక రోడ్డు అటూ ఇటూ మట్టి లోయల మధ్య మెలికలు తిరుగుతుంది. అక్కడ అది లేచి, రెండుసార్లు వెక్కి, తిన్నదంతా కక్కింది. నేను గబగబా పై కాగితం మడిచి, కిటికీలోంచి బయటికి విసిరేశాను. ఎందుకు విసిరేశానంటే, ఆంటీ చూడకూడదని. అంతకన్నా కారణం లేదు. ఆ క్షణంలోనే అది మళ్ళీ కక్కబోయి, పొలమారి, ఊపిరి అందక కాళ్ళు బిగదీసుకుంది. "ఆంటీ!" అని అరిచాను. ఆవిడ కారు పక్కకి తీసి, తలుపు తెరిచి, దాన్ని అందుకుని, నోట్లో వేలు పెట్టి తిప్పి, తల కిందికి పట్టుకుని వీపు మీద తట్టారు. ముక్కులోంచి తెల్లటి నురగ కారింది. చివరికి చిన్నగా తుమ్మి ఊపిరి తీసుకుంది గానీ తడి గుడ్డలా ఆవిడ అరచేతిలో వేలాడిపోయింది. వెంటనే విరేచనం కూడా అయింది. "ముందు ఏం కక్కింది? నువ్వు చూశావా?" అని అడిగారు. నేను ఆవిడ కళ్ళలోకి చూసే చెప్పాను: "నీళ్ళే ఆంటీ. తెల్లటి నీళ్ళు."

ఆవిడ మొహంలో రక్తం లేకుండా పోయింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పడానికి ధైర్యం లేకపోయింది. తెల్లటి నురగ, విరేచనం: కంటోన్మెంటులో పిల్లల్ని చంపిన ఆ జబ్బే అని ఆవిడ అనుకున్నారు.

గ్వాలియర్‌లో రామ్‌సింగ్ ఇల్లు ఊరి చివర. అతనూ, భార్యా గేటు బయటే నిలబడి ఉన్నారు. వరండాలో ఒక పళ్ళబుట్ట, అందులో కొత్తగా కుట్టిన చిన్న బొంత కనపడుతున్నాయి. పక్కనే వాళ్ళ ముసలి కుక్క పడుకుని ఉంది. ఆంటీ కారు దూరంగా ఆపి, నన్ను దిగవద్దని చెప్పి, తాను దిగి పది అడుగుల దూరంలోనే నిలబడ్డారు. పిల్లకి జబ్బుగా ఉందనీ, ఇవ్వలేననీ, ముట్టుకోవద్దనీ హిందీలో చెప్పారు. రామ్‌సింగ్ చేతులు జోడించాడు. "మేమ్‌సాబ్, మేజర్ సాబ్ ఇచ్చిన పిల్ల. జబ్బైతే మేమే చూసుకుంటాం" అన్నాడు. "నీ ముసలి కుక్క కూడా పోతుంది, రామ్‌సింగ్" అన్నారు ఆంటీ. అతని భార్య వరండాలోకి వెళ్ళి, బొంత తీసి మడతపెట్టి, లోపలికి పట్టుకెళ్ళింది. నేను కారులోంచి అదంతా చూశాను. అప్పుడైనా దిగి చెప్పి ఉండాల్సింది. చెబితే ఆదివారాలు పోతాయని భయం. ఆ ఒక్క మనిషి పోతే నాకు మళ్ళీ మునిర్కా గదే.

ఆ ఊళ్ళో రెస్ట్‌హౌస్‌లో దిగాం. ఆంటీ ముందు ఆగ్రాకి ట్రంక్ కాల్ బుక్ చేసి, ఎర్రదారాన్ని వాళ్ళ పెద్ద కుక్క నుంచి వేరుగా ఉంచమని చెప్పారు. తర్వాత పిల్లల్ని గదిలో మూడు మూలల్లో వేరువేరుగా పెట్టి, బుట్టని వాకిట్లోకి తెచ్చి ఫినాయిలు నీళ్ళతో కడగడం మొదలుపెట్టారు. పొద్దు వాలుతోంది. "రేపు పొద్దున్నే వెనక్కి పోదాం" అన్నారు, నా వైపు చూడకుండా. "మహూ వెళ్ళకూడదు. ఆగ్రాలో అంటించీసే ఉంటాం ఈపాటికి. ఆయన పోతూ పోతూ నాకు వదిలింది ఇదొక్కటే పని. అది కూడా చెయ్యలేకపోయాను." బుట్ట రుద్దుతూనే ఉన్నారు. ఆ చేతుల మీద నీళ్ళు పడుతున్నాయి, అవి కళ్ళలోంచి పడుతున్నాయని కాసేపటికి గాని గమనించలేదు. మూడు నెలల్లో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. గదిలో తెల్లదారం అప్పటికే లేచి, మంచం కోడు కొరుకుతోంది.

"ఆంటీ, అది జబ్బు కాదు" అన్నాను. "నేనే పెరుగన్నం పెట్టినా. ధోల్‌పూర్‌లో."

ఆవిడ బుట్ట వదల్లేదు. "ఎంత?"

"నాలుగు ముద్దలు."

"మిరపకాయ?"

"తీసేసినా."

"నీళ్ళే కక్కిందని చెప్పావు."

"అబద్ధం చెప్పినా. అన్నమే కక్కింది. కాగితం బయట పారేసినా."

నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ లేచి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, లోపలికి వెళ్ళి తెల్లదారాన్ని ఎత్తి, చిగుళ్ళు చూసి, కనురెప్ప తీసి చూసి, పొట్ట నొక్కి చూసి, నా చేతుల్లో పెట్టారు. "కారెక్కు" అన్నారు. ఎక్కడికని అడిగాను. "నాకు చెప్పీసావు, నీ బరువు దిగిపోయింది. బొంత మడత పెట్టుకుని లోపలికి పోయిందే ఆవిడ, ఆవిడకెవరు చెప్తారు? నాను చెప్పను. నువ్వే చెప్పు."

రామ్‌సింగ్ ఇంటి గేటు దగ్గర ఆవిడ స్టీరింగ్ ముందే కూర్చున్నారు, దిగలేదు. నాకు హిందీ చదవడం వచ్చు, తప్పు ఒప్పుకునే హిందీ రాదు. రామ్‌సింగ్ భార్య రొట్టెలు చేస్తూ పిండి చేతులతో బయటికి వచ్చింది. దీదీ, దీనికి జబ్బు లేదు, నేను పెరుగూ అన్నం పెట్టాను, భయపడి దాచాను, తప్పు నాది అని నాకొచ్చిన ముక్కలన్నీ అటూ ఇటూ కలిపి చెప్పాను. ఆవిడ నన్నూ, పిల్లనీ చూసింది. "దహీ-చావల్?" అంది. అని, నుదుటి మీద చెయ్యి కొట్టుకుని, పిండి అంటిందని కూడా చూసుకోకుండా పకపకా నవ్వింది. పిల్లని నా చేతుల్లోంచి లాక్కుని, "అరే, ఈ పిల్ల కూడా పిల్లే" అని రామ్‌సింగ్‌కి నన్ను చూపించింది. నన్ను లోపలికి పిలిచి వేడి రొట్టె చేతిలో పెట్టింది. ఆవిడ క్షమించడానికి అర నిమిషం పట్టలేదు. వెనక్కి వచ్చి కార్లో కూర్చుంటే ఆంటీ ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఆగ్రాకి మళ్ళీ కాల్ బుక్ చేసి, పొరపాటు పడ్డామని, పిల్లకి ఏమీ లేదని చెప్పారు. నా పేరు చెప్పలేదు.

మర్నాడు శివపురి, గునా దాటేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, పిల్లల గురించి మాత్రం చెప్పేవారు, కాగితం తియ్యి, తడి గుడ్డ అద్దు, అద్దం దించు. నేను బుట్టలోంచి చెయ్యి తియ్యలేదు. ఎండ, దుమ్ము, మోదుగ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, ఒకరికొకరం చూపించుకోకుండా ఇద్దరం అవే చూస్తూ పోయాం. ఢిల్లీలో నేను ఎన్నో రోజులు మాటలు లేకుండా గడిపాను గానీ, అది వేరు. అక్కడ నాతో ఎవరూ మాట్లాడరు. ఇక్కడ ఒక మనిషి పని పెట్టుకుని మాట్లాడడం లేదు. సాయంత్రం బియావరాలో రెస్ట్‌హౌస్ ముందు కారు ఆపి, ఇంజను కట్టేశాక, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి అన్నారు: "పెట్టినందుకు కాదు నా కోపం. జాలేసి పెట్టావు. నాకూ వేస్తాది జాలి, బిగబట్టుకుని కూచుంటాను. నాను ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డావే, అంతసేపు! అందుకు." నేను బుట్టలో తడిసిన కాగితం తియ్యడం మొదలుపెట్టాను. కారు దిగుతూ, "ఆకలేస్తందా?" అని అడిగారు. వేస్తోందన్నాను. డబ్బాలో తన చపాతీలు సగం నాకు పెట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం మహూలో నీలందారాన్నీ, పసుపుదారాన్నీ ఇచ్చేశాం. మేజర్ గారి స్నేహితుడు చాలాసేపు ఆయన గురించే మాట్లాడాడు. ఆంటీ వింటూ, వదులు గడియారాన్ని మణికట్టు మీదికి తోసుకుంటూ కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో ఖాళీ బుట్ట వెనక సీట్లో అటూ ఇటూ దొర్లుతుంటే, ఆంటీ నన్ను ముందు సీట్లోకి రమ్మన్నారు. గ్వాలియర్ వచ్చినప్పుడు తెల్లదారాన్ని చూసి పోదామా అని అడిగాను. "వద్దు. ఇప్పుడిప్పుడే మర్చిపోతా ఉంటాది" అన్నారు. ఊరి చివర ఆ గేటు వైపు చూడకుండా పోవడానికి ఇద్దరం చాలా కష్టపడ్డాం.

ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం న్యూఢిల్లీ స్టేషన్‌కి ఆవిడని సాగనంపడానికి వెళ్ళాను. ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్టిన ఒక హోల్డాలు. మేజర్ గారి బూట్లు రామ్‌సింగ్‌కి పంపేశారట. కిటికీ ఊచల అవతల కూర్చుని, ఎకనామిక్సు పేపరు గురించీ, అమ్మకి ఉత్తరం గురించీ చెప్పాల్సినవన్నీ చెప్పారు. గార్డు ఈల వేశాక, ఇక ఎలాగూ వెళ్ళిపోతున్నారు కదా అన్న ధైర్యంతో అడిగాను. "ఆంటీ, గ్వాలియర్ కోపం పోయినాదా?"

ఆవిడ ఊరికే ఏదో ఒకటి అనెయ్యలేదు. నిజంగా ఆలోచించారు, లెక్క చూసుకుంటున్నట్టు.

"లేదు. ఇంకా కొంచెం ఉంది."

"ఎప్పుడు పోతుంది?"

"పోనీయకపోతే నీకేటి? నీ మీద కాకపోతే ఇంకెవరి మీద కోప్పడతాను? ఇంకెవరున్నారిప్పుడు నాకు?" అన్నారు. బండి కదిలింది. ఊచల్లోంచి చెయ్యి చాపి నా తల మీద గట్టిగా ఒక మొట్టికాయ వేశారు. నేను ప్లాట్‌ఫారం చివరిదాకా బండితో పాటు నడిచాను. ఏడుస్తూనే ఉన్నాను గానీ, ఆ ఏడుపులో మునిర్కా గది ఏడుపు లేదు.

సివిల్స్ నాకు రాలేదు. వేరే పరీక్ష రాసి, ఢిల్లీలోనే ఒక ప్రభుత్వ ఆఫీసులో చేరి, ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు, కారణాలు చెప్పుకోదగ్గవేమీ కావు. ఆఫీసులో నా కింద పనిచేసినవాళ్ళు నన్ను కఠినురాలినని అనుకునేవారు. నేను తప్పు చేసినప్పుడు మాత్రం, ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్ళ బల్ల దగ్గరికే వెళ్ళి నిలబడేదాన్ని, ప్యూనయినా సరే. ప్రతిసారీ భయం వేసేది, అలవాటు అవుతుందనుకున్నాను, అవలేదు. ఆంటీ ఏడాదికి రెండు ఉత్తరాలు రాసేవారు, రెండింటిలోనూ చీవాట్లే. సెలవులకి రమ్మని ప్రతి ఉత్తరంలోనూ రాసేవారు. వెళ్తానని ప్రతిసారీ రాశాను. వెళ్ళలేదు. ఒక ఏడాది ఉత్తరాలు ఆగిపోతే, నేను రాసినదానికి ఆ స్కూలువాళ్ళు రెండు వాక్యాల్లో జవాబు పంపారు.

ఆ తర్వాత నాతో మర్యాదగా ఉన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. లిఫ్టులో నవ్వుతారు, పండగకి స్వీటు డబ్బా పంపిస్తారు, నేను ఏమన్నా పట్టించుకోరు, నా మీద ఎవరికీ ఏ కోపమూ లేదు. నా మీద ఒకరికి ఇంకా కొంచెం కోపం మిగిలి ఉందన్న సంగతి మనిషికి ఎంత తోడుగా ఉంటుందో ఆవిడ దగ్గర తెలుసుకున్నాను. పోయేనాటికి ఆవిడకి అది పోయి ఉండకూడదని ఇప్పటికీ కోరుకుంటూ ఉంటాను.